మా ఇంటిల్లిపాదీ ఉప్పైన రోజు

మొన్న సూర్యాపేటకు మా చిన్నమ్మను చూడ్డానికి పోయాను. చిన్నమ్మంటే మా నాయన తమ్ముడి భార్య. డెబ్బై దాటింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, గొంతు మాత్రం ఇప్పటికీ బడి గంటలా ఖంగుమంటుంది. నేను గడప దగ్గర చెప్పులు విడుస్తుండగానే మనవరాలి చేతిలోని ఫోన్ లాక్కొచ్చి నా ముక్కు ముందు పెట్టింది. ఉప్పు నీళ్ళలో ఎలా కరుగుతుందో అందులో బొమ్మలు ఆడించి చూపిస్తున్నారు. ఆకుపచ్చ గుండ్లూ ఊదా గుండ్లూ వరసగా పేర్చి ఉన్నాయి. ఎర్రతల నీళ్ళ బొమ్మలు వచ్చి ఒక్కో గుండునూ లాక్కుపోతున్నాయి. "ఎంత బాగుందో కదా అమ్మమ్మా!" అంది ఆ పిల్ల. చిన్నమ్మ పెదవి విరిచింది. "బాగానే ఉంది గానీ, మా మామయ్య ఇంతకంటే బాగా కరిగాడు" అంది. అంతే, నాకు నవ్వు తన్నుకొచ్చింది. నన్ను చూసి ఆమె, ఆమెను చూసి నేను, ఇద్దరం గోడ పట్టుకుని కళ్ళెంట నీళ్ళు కారేదాకా నవ్వాం. పాపం ఆ పిల్ల భయపడి మంచినీళ్ళు తెచ్చింది. తాగి, కాస్త తేరుకుని, ఆ పిల్లకు చెప్పిన సంగతే ఇక్కడా చెబుతున్నాను.

మా ఊరు మిర్యాలగూడ నుంచి కోదాడకు పోయే దారిలో ఉంటుంది. ఇల్లు రోడ్డు పక్కనే. మేళ్లచెరువు నుంచి వచ్చే సిమెంటు లారీలు పోయినప్పుడల్లా మా వాకిట్లో ఆరేసిన బట్టలకు తెల్లగా బూడిద పట్టేది, నాయనమ్మ లారీ వాళ్ళ ఏడు తరాలనూ పలకరించేది. ఇంట్లో వాసనలకు వేళలుండేవి. తెల్లవారుజామున పేడనీళ్ళ వాసన, పొద్దెక్కాక జొన్నరొట్టె కాలుతున్న వాసన, మధ్యాహ్నం తాత చుట్ట వాసన. ఉప్పు సంగతైతే అది నాయనమ్మ రాజ్యం. పొయ్యి పక్కన నల్లటి కుండలో దొడ్డుప్పు ఉండేది. దాన్ని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, ఒకరు కింద పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి. దీపాలు పెట్టాక పక్కింటి వాళ్ళు అడిగినా ఇవ్వకూడదు. వానలు మొదలయ్యాక ఆ కుండ బయటంతా చెమటలు పట్టి లోపలి ఉప్పు చిత్తడిచిత్తడి అయ్యేది. "మబ్బును సూడంగనే దీనికి గుబులు వుడ్తది" అనేది నాయనమ్మ. గాలిలోని నీటిని ఉప్పు లాక్కుంటుందని చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో చిన్నమ్మ వచ్చేదాకా లేరు.

నాయనమ్మకు ఇంకో అలవాటుండేది. తాతతో నేరుగా మాట్లాడేది కాదు. అన్నం చల్లారిపోతోందని దూలానికి చెప్పేది, బర్రె ఈనేటట్టుందని గుంజకు చెప్పేది, పక్కనే ఉన్న తాత వినేవాడు. మేమెవరమైనా అక్కడుంటే "గాయినెకు చెప్పుండ్రి" అనేది, గాయినె రెండడుగుల దూరంలో చుట్ట కాలుస్తూ ఉండగానే. వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడగా మేమెవ్వరం చూడలేదు. తాత ముందు నడిస్తే ఆమె వెనుక, ఆయన అరుగు మీదుంటే ఆమె గుమ్మంలో. తాతంటే మాకు హడల్. చేయెత్తి కొట్టింది లేదు గానీ ఆయన దగ్గితే చాలు, వాకిట్లో గోలీలాడే పిల్లలందరం గప్‌చుప్. పనులన్నీ ఆయన చెప్పినట్టే జరగాలి. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మా ఇంట్లో మొండివాడూ తాతే, రాజూ తాతే.

అలాంటి ఇంటికి కోదాడ నుంచి కోడలై వచ్చింది చిన్నమ్మ. డిగ్రీ దాకా సైన్సు చదువుకుంది. అక్కడి మాటలో ఆంధ్రా వాసన తగులుతుంది కదా, ఆమె "అండీ" అంటే మేం పిల్లలం మూలకు పోయి ఒకరినొకరం "అండీ, అండీ" అని పిలుచుకుని పడీపడీ నవ్వేవాళ్ళం. తాత ఆమెను పేరుతో పిలిచేవాడు కాదు, కోదాడ పిల్ల అనేవాడు. పెళ్ళయిన ఏడాదికి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడి వాళ్ళు కబురు పంపారు. సైన్సు చెప్పే టీచరు కావాలి, సోమవారం వచ్చి చేరాలి, రాకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటాం అని. చిన్నమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. చిన్నాయిన మంచివాడే గానీ నోట్లో నాలుక లేని మనిషి, తండ్రి ముందు అసలే లేదు. అమ్మ ఎట్లాగో ధైర్యం చేసి తాత చెవిన వేసింది. తాత చుట్ట తీసి, "మనింట్ల ఆడోళ్ళు బస్సెక్కి కొలువుకు వోయిన్రా ఎన్నడన్న? ఇగ గా ముచ్చట ఎత్తకుండ్రి" అన్నాడు. ఆ రాత్రి చిన్నమ్మ అన్నం తినలేదు. మరునాడు నాకు జడ వేస్తూ అల్లిందే మూడుసార్లు విప్పి అల్లింది.

ఆ ఆదివారమే విత్తనం నానబెట్టే రోజు. సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలారని కబురు రాగానే మా దగ్గర ప్రతి ఇంట్లోనూ అదే పని. విత్తనపు వడ్లలో తాలు ఏది, గట్టి గింజ ఏది తేల్చడానికి ఉప్పునీళ్ళు వాడతారు. గంగాళం నిండా నీళ్ళు పోసి, అందులో కోడిగుడ్డు వేస్తారు. గుడ్డు మునుగుతుంది. ఇక దొడ్డుప్పు వేస్తూ కలుపుతూ పోవాలి. నీళ్ళు చిక్కనయ్యేకొద్దీ గుడ్డు మెల్లగా లేచి, చారాణా బిళ్ళంత మేర బయటికి నెత్తి చూపిస్తుంది. అప్పుడు ఉప్పు చాలు. వడ్లు పోస్తే తాలు తేలుతుంది, గట్టిది మునుగుతుంది. మునిగినదాన్ని మంచినీళ్ళతో రెండుమూడుసార్లు కడిగి, నానబెట్టి, గోనెసంచిలో కట్టి మొలకకు పెట్టాలి. ఆ రోజు ఊళ్ళో ఉన్న మేనత్త కూడా పుట్టింటికి వచ్చేది. పిల్లలకు తాలు దేవే పని, పెద్దలకు అరిచే పని.

తాత గంగాళం ముందు పీట వేసుకుని కూర్చుని, "గుడ్డు తేపో" అని ఎవరితోనో అన్నాడు. చిన్నమ్మ ఉరికింది. ఉద్యోగం మాట నెగ్గలేదు గానీ పనిలో మంచి పేరైనా తెచ్చుకుందామనుకుంది కాబోలు. గంప కింద కూర్చున్న కోడిని అదిలించి, దాని కిందినుంచి చక్కగా నిగనిగలాడుతున్న గుడ్డు తెచ్చి నీళ్ళలో వేసింది. వేసీ వేయగానే గుడ్డు బుడుంగున మునిగి, పైకొచ్చి, బొంగరంలా తిరుగుతూ తేలింది. ఉప్పింకా సంచిలోనే ఉంది! తాత ఆ గుడ్డు వంక చూశాడు, సంచి వంక చూశాడు, చిన్నమ్మ వంక చూశాడు. "ఓరి నీ! ఉప్పెయ్యకముందే తేలింది గదరా!" అని గట్టిగా నవ్వాడు. నాయనమ్మ లోపలినుంచి పరుగెత్తుకొచ్చి నెత్తి కొట్టుకుంది. అది పొదిగే కోడి కింది గుడ్డు. రేపోమాపో పిల్లయ్యేది. కోదాడలో గుడ్లు కొట్లో కొనుక్కునే ఇంట్లో పెరిగిన పిల్లకు, కోడి కింద గుడ్డుంటే అది కూరకు కాదని ఎట్లా తెలుస్తుంది? నాయనమ్మ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, కోడికి క్షమాపణలు చెప్పి మళ్ళీ దాని కింద పెట్టింది. అది మర్నాటికి పిల్లయి కిచకిచమంటూ బయటికొచ్చింది కూడా, ఎవరూ బెంగ పెట్టుకోకండి.

అందరూ నవ్వుతున్నారు. చిన్నమ్మ ముఖం కందగడ్డయింది. తాత ఊరుకోలేదు. "గుడ్డుకు గుడ్డుకు తేడా తెల్వదు, ఇగ బడి పిల్లలకేం చెప్తదంట?" అన్నాడు. అప్పుడు చిన్నమ్మ తలెత్తింది. "ఎందుకు తేలిందో నాకు తెలుసు మామయ్యా. పొదిగేకొద్దీ గుడ్డులో నీరు పెంకులోంచి ఆరిపోతుంది, ఆ చోట్లోకి గాలి చేరుతుంది, గుడ్డు తేలికవుతుంది" అంది. మామకు ఎదురు చెప్పిన కోడలు ఆ ఇంట్లో ఆమే మొదలు. చిన్నాయిన గుంజ చాటుకు జరిగాడు. తాత ఇంకో గుడ్డు తెప్పించాడు, అది మర్యాదగా మునిగింది. దోసిళ్ళతో ఉప్పు పోసి తెడ్డుతో తిప్పి, గుడ్డు నెత్తి చూపించాక ఆగాడు. నీళ్ళకేసి వేలు చూపించి, "సరే, చదువుకున్నదానివి గద. గింత ఉప్పు వోసిన. గిప్పుడు కనవడ్తలేదు. ఎటు వోయింది? పుస్తకం మాటలు గాదు, నాకు సమజయ్యేటట్టు చెప్పు. చెప్తివా, రేపు బస్సెక్కు. చెప్పకపోతివా, గా ముచ్చట ఖతం" అన్నాడు.

చిన్నమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత కొంగు నడుముకు చుట్టింది. "అయితే అందరూ వాకిట్లోకి రండి" అంది. నాయన, అమ్మ, చిన్నాయిన, మేనత్త వచ్చారు. "మామయ్యా, మీరూ. అత్తయ్యా, మీరూ." తాత "నేనెందుకు?" అన్నాడు. "మీరు ఉప్పు" అంది చిన్నమ్మ. తాతను ఎవరూ అలా అనలేదు. ఆశ్చర్యంలోనే లేచి వచ్చాడు.

ఉప్పురాయిలో రెండు రకాల రేణువులుంటాయని చెప్పింది. ఒకటి సోడియం, దానికి ధన గుణం. ఇంకోటి క్లోరిన్, దానికి ఋణ గుణం. మగవాళ్ళు సోడియం, ఆడవాళ్ళు క్లోరిన్. సోడియం పక్కన సోడియం నిలబడదు, ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. మగ, ఆడ, మగ, మళ్ళీ దాని కింద ఆడ, మగ, ఆడ. అట్లా గళ్ళుగళ్ళుగా ఉంటేనే రాయి గట్టిగా నిలుస్తుంది. ఇక్కడే రభస మొదలైంది. అమ్మ తాత పక్కన నిలబడనంది, కోడలు మామ పక్కన నిలబడేదెట్లా? మేనత్త వదిన ముందుకు పోనంది. నాయనమ్మ అసలు ఆ వరసలోకే రానని దూలానికి చెప్పింది. చిన్నమ్మ జుట్టు పీక్కుని, "ఉప్పుకు వరసలూ వావులూ ఉండవు, మనకున్నాయి గనుక సర్దుతున్నా" అంటూ జరిపింది. మొదటి వరసలో తాత, నాయనమ్మ, నాయన. రెండో వరసలో తాత వెనుక మేనత్త, నడుమ చిన్నాయిన, నాయన వెనుక అమ్మ. తాత పక్కన కూతురూ పెళ్ళామే. ఎవరి మర్యాదా చెడలేదు. "సూసిన్రా, గిది ఉప్పురాయి" అన్నాడు తాత, చుట్టూ మూగిన ఇరుగుపొరుగుతో. అప్పటికే ఆయనకు రుచి తగిలింది.

ఇక నీళ్ళం మేం. ఇంట్లో పిల్లలూ వీధి పిల్లలూ డజను మందిమి. "నీటిలో ఒక్కో రేణువూ మీలాంటిదే. తల ఒకటి, చేతులు రెండు. చేతులు ఇట్లా వంచి ముందుకు చాపండి" అని చూపించింది చిన్నమ్మ. తల ఆక్సిజన్, దానికి కాస్త ఋణ గుణం. చేతులు హైడ్రోజన్, వాటికి కాస్త ధన గుణం. ఋణానికి ధనమంటే ఇష్టం. కాబట్టి మగవాళ్ళ దగ్గరికి తలలు పెట్టుకుని పోవాలి, ఆడవాళ్ళ దగ్గరికి చేతులు చాచుకుని పోవాలి. ఒక్కరు లాగితే ఎవరూ కదలరు, గుంపుగా పోయి చుట్టుముట్టి ఊడదీయాలి. నీళ్ళు ఊరికే నిలబడవు, ఎప్పుడూ గెంతుతూనే ఉంటాయి, మీరూ గెంతండి అంది. ఇంతకంటే మంచి మాట మా బతుకుల్లో విన్నామా? "పోండి!" అంది, మేం పోయాం.

దేవుడా, ఆ పోవడం! తాతకు తల పెట్టే అవకాశం పిల్లలకు మళ్ళీ వస్తుందా? నలుగురం ఒక్కసారే పొట్టేళ్ళలా కుమ్మాం. నా తల సరిగ్గా ఆయన బొడ్డు దగ్గర ఆనింది, చుట్ట వాసనా చెమట వాసనా కలిసి ముక్కులో దూరాయి. "అరేయ్! మెల్లగ! ఇంత బతుకు బతికి పోరగాండ్లతోని కుమ్మిచ్చుకోవాల్నా!" అని అరుస్తూనే తాత కితకితలకు గిలగిలలాడాడు. ఆయన రాయికి మూలనున్నాడు కదా, పట్టుకునేవాళ్ళు ఇద్దరే. అందుకే ముందు ఆయనే ఊడాడు. "మూలనున్నవాళ్ళే ముందు కరుగుతారు మామయ్యా!" అని కేకేసింది చిన్నమ్మ. తరవాత నాయన, మేనత్త, అమ్మ. నడుమనున్న నాయనమ్మనూ చిన్నాయిననూ పీకడానికి మాకు తాతలు దిగొచ్చారు. చిన్నాయిన వదినకొంగు పట్టుకుని వదల్లేదు. చివరికి ఆరుగురూ వాకిట్లో ఆరు మూలల, ఒక్కొక్కరి చుట్టూ ఇద్దరేసి పిల్లలు. అమ్మ చుట్టూ చేతులు, నాయన చుట్టూ తలలు.

తాత నాయనమ్మ వైపు ఒకడుగు వేయబోయాడు. మేం పోనివ్వలేదు. "ఓయ్! నేనీడ్నే ఉన్న! కనవడ్తున్ననా?" అని అరిచాడు అటువైపుకు. నాయనమ్మ మధ్యలో పిల్లల చేతుల్లో చిక్కుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని వంగి వంగి నవ్వుతోంది. "చూశారా మామయ్యా! ఉప్పు ఎక్కడికీ పోలేదు. మీరు మీరే, అత్తయ్య అత్తయ్యే. నడుమ నీళ్ళు దూరాయి, అంతే. విడివిడిగా, చిన్నచిన్నగా అయ్యేసరికి కంటికి ఆనదు" అంది చిన్నమ్మ. తాత రొప్పుతూ, పిల్లల తలల మీదుగా, "పిల్లగాండ్లు సాలకపోతే?" అని అడిగాడు. "అప్పుడు చుట్టుముట్టడానికి నీళ్ళుండవు, మిగిలిన ఉప్పు రాయిగానే అడుగున పడుంటుంది." "మరి గుడ్డెందుకు లేసింది?" "ఇందాక వాకిట్లో పిల్లలే గెంతారు. ఇప్పుడు పెద్దలు కూడా దూరారు. వాకిలి అంత పెరగలేదు, బరువు మాత్రం పెరిగింది. బరువెక్కిన నీళ్ళు గుడ్డును పైకి నెడతాయి." తాత నోరు కొంచెం తెరుచుకుంది. అది మెచ్చుకోలో ఆయాసమో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలో పుల్లయిసు బండి గంట మోగింది. డజను మందిమి ఒక్కరం కూడా మిగల్లేదు. నీళ్ళన్నీ మాయం! "ఆవిరైపోయాయి!" అని చప్పట్లు కొట్టింది చిన్నమ్మ. "ఎండ కాసింది, నీళ్ళు పోయాయి. ఇప్పుడు ఉప్పేం చేస్తుంది మామయ్యా?" నేను వీధి అరుగెక్కి, ఐసు చీకుతూ, గోడ మీదుగా చూశాను. వాకిలి ఖాళీగా ఉంది. చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళంతా చూస్తున్నారు. తాత పంచె సర్దుకున్నాడు, ఒకసారి దగ్గాడు, వాకిలి ఈ కొసనుంచి ఆ కొసకు నడిచిపోయి నాయనమ్మ పక్కన భుజానికి భుజం ఆనేటట్టు నిలబడ్డాడు. నాయనమ్మ ముఖం కొంగులో దాచేసుకుంది. వీధివీధంతా ఈలలు. నాకెంత సంతోషమేసిందంటే ఐసు కిందపడ్డ సంగతి కూడా తెలియలేదు.

చిన్నమ్మ మాత్రం నవ్వడం లేదు. చేతులు కట్టుకుని తాత ముందు నిలబడింది. "అర్థమైందా మామయ్యా?" అంది. తాత ఆకాశం వంక చూశాడు, గంగాళం వంక చూశాడు. "ఊహూఁ. అర్థం గాలే" అన్నాడు. చిన్నమ్మ ముఖం పాలిపోయింది. ఆయనే మళ్ళీ, "పోరగాండ్లను విలువు. ఇంకోపారి చేసి సూపియ్యి" అన్నాడు. చేశాం. మళ్ళీ కుమ్మాం, మళ్ళీ కరిగాడు, మళ్ళీ పోయి నాయనమ్మ పక్కన నిలబడ్డాడు. అర్థం కాలేదన్నాడు. ఇంకోసారి చేశాం. అయినా కాలేదు. వడ్లు నానబోయకుండానే పొద్దు వాలుతోంది, గుడ్డు ఒక్కటే గంగాళంలో తేలుతోంది, మాకు తలలు నొప్పులు, తాతకు మాత్రం అర్థం కావడం లేదు. ఇక చిన్నమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, ఆమె దాన్ని నిజమే అనుకుంది.

అప్పుడు నాయనమ్మ ముఖం మీది కొంగు తీసింది. దూలం వైపు చూడలేదు, గుంజ వైపు చూడలేదు. నిలబడిన చోటే పక్కకు తిరిగి, తాత కళ్ళలోకి చూసి, "నాకు అర్థమైంది. నీకు సుత అయింది. సాలు తియ్యి. రేపు పిల్లకు సద్ది గడ్తున్న" అంది. తాత బుద్ధిగా పోయి గంగాళం ముందు పీట మీద కూర్చుని వడ్లు పోయడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో అంతకు ముందు ఆయన ఒకరు చెప్పినట్టు వినడం ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మా పిల్లలు ఏది తెలుసుకోవాలన్నా వేలితో తోస్తే చాలు, బొమ్మలు వచ్చి చెప్పిపోతాయి. మంచిదే, నేనేమీ ఏడవడం లేదు. ఆ బొమ్మలు మాకంటే శుద్ధంగా చెబుతాయి. మా వాకిట్లో తప్పులున్నాయి. నిజం ఉప్పులో ఒక్కో రేణువు చుట్టూ ఇద్దరు కాదు, ఇంకా ఎక్కువ నీళ్ళు మూగుతాయట, అవి క్షణానికోసారి మారిపోతుంటాయట. మొన్న చిన్నమ్మే చెప్పింది, పిల్లలు సరిపోక అప్పుడు సర్దేశానని. కానీ ఫోన్‌లో గుండ్లు కరిగితే ఎవరికీ కితకితలు పుట్టవు. ఎవరి బతుకూ దాని మీద ఆధారపడి ఉండదు. నేను తరవాత చాలా చదివాను, చాలా మరిచిపోయాను. ధనం ఎటు, ఋణం ఎటు అంటే మాత్రం ఈ వయసులోనూ నా తల దానంతటదే ముందుకు వంగుతుంది.

సోమవారం పొద్దున తాత ఉతికిన పంచె కట్టి, తలపాగా చుట్టి, చిన్నమ్మ సద్ది గిన్నె తానే పట్టుకుని రోడ్డు మీదికొచ్చాడు. చిన్నమ్మ ఆయన వెనుక, ఆమె వెనుక మేమంతా. మిర్యాలగూడ బస్సు ఆగింది, కిక్కిరిసి ఉంది. తాత ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి కండక్టరును పట్టుకున్నాడు. "మా కోడలు. బడిల సైన్సు చెప్పనీకె పోతుంది. నీళ్ళల్ల ఉప్పు ఎటు వోతదో తెల్సు ఈమెకు." కండక్టరు టిక్కెట్లు చింపుతూ నవ్వాడు. "అవునా పెద్దాయినా? ఎటు వోతదేంది?" తాత ఒకసారి వెనక్కి తిరిగి, గుమ్మం దాటి రోడ్డు దాకా వచ్చి నిలబడ్డ నాయనమ్మను చూశాడు. "నాకింకా పురాగ అర్థం గాలే. మల్ల ఆదివారం చెప్తది. నువ్వు ముందుగాల ఆమెకు సీటియ్యి" అన్నాడు.